తోలుకు పెట్టిన బొట్టు

దసరాకు పనిముట్లకు చేసే పూజ ఆ పనిముట్లకు అందుతుందా, లేక చేసేవాడి మనసుకు మాత్రమే అందుతుందా అన్న అనుమానం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మా బాపు హనుమండ్లు ఊళ్ళో కమ్మరి. దసరా పొద్దున దాగలి, సమ్మెట, పట్టకారు అన్నీ కడిగి, నూనె రాసి, పసుపు కుంకుమలు పెట్టేవాడు. ఒకసారి నేను, "బాపూ, దాగలికి తెలుస్తదా?" అని అడిగాను.

"నీకు తెలుస్తది గద, సాలు" అన్నాడు.

ఆ జవాబుతో అనుమానం తీరలేదు. తీరలేదని పూజ మాననూ లేదు. పైగా, ఒకవేళ అందుతుందేమో, తక్కువ చేస్తే బాగుండదని నేను బాపు కన్నా నాలుగు బొట్లు ఎక్కువే పెట్టేవాణ్ణి. ఆ నాలుగు బొట్లే ఒక దసరాకు నన్ను చిక్కుల్లో పడేశాయి.

అది పంతొమ్మిది వందల అరవై నాలుగు. మంచిర్యాల దగ్గరి ఒక బొగ్గుబాయి వర్క్‌షాపులో నేను ఫిట్టర్ని. ఆఫీసర్ల క్లబ్బు ముందు హాకీ మైదానం ఉండేది. దాని గడ్డి కోయడానికి ఆ వానాకాలమే ఒక మిషను వచ్చింది. మనిషి ఎక్కి కూర్చుని తోలాలి. ముందు భాగంలో బ్లేడ్లు గిర్రున తిరుగుతూ గడ్డిని కోస్తూ పోతాయి. పక్కన ఒక లివరు. అది లాగితే బ్లేడ్లు ఆగుతాయి, వదిలితే తిరుగుతాయి. అట్లాంటిది మాలో ఎవరం అంతకు ముందు చూడలేదు. దానికి గడ్డిబండి అని పేరు పెట్టుకున్నాం.

గడ్డిబండి తోలేది రాయమల్లు. అతను మొదట బాయి లోపల బొగ్గు కొట్టేవాడు. పైకప్పు పెళ్ల విరిగి ఎడమ మోకాలి మీద పడ్డాక ఆ కాలు మడత పడటం మానేసింది. కూర్చుని చేసే పని గనుక ఈ మిషను మీద తాత్కాలికంగా పెట్టారు. మూడు నెలలు సరిగ్గా చేస్తే ఇదే పని ఖాయం చేస్తామన్నారు. కాలు చాచుకుని, తలకు రుమాలు చుట్టుకుని, పెండ్లికొడుకు గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చునేవాడు.

ఆ దసరాకు మిషనుకు నేనే పూజ చేశాను. రాయమల్లు జమ్మి ఆకు తేవడానికి పోయాడు. నేను మిషను కడిగి, బయటి రేకులకు బొట్లు పెట్టాను. అంతలో నాకు, లోపల కష్టపడే వాటిని వదిలేసి పైపై రేకులకు పూజ చేసి పోవడం అన్యాయమనిపించింది. పక్క మూత విప్పాను. అక్కడ ఒక ఇనుప గిన్నె, అందులో బొంగరంలా ఇమిడి కూర్చునే దిమ్మ ఉంటాయి. దిమ్మ చుట్టూ తోలు తొడుగు. స్ప్రింగు దిమ్మను గిన్నెలోకి నొక్కి పెడుతుంది. తోలు గిన్నెను పట్టుకుంటేనే బ్లేడ్లు తిరుగుతాయి. లివరు లాగి, అది కదలకుండా కట్టెముక్క అడ్డం పెట్టాను. పసుపు కలిపిన ఆముదంలో దూది ముంచి ఆ తోలుకు చుట్టూ పట్టించాను. కుంకుమ బొట్టు కూడా పెట్టాను. మూత బిగించి కొబ్బరికాయ కొట్టాను. ఆ రోజు నాకు చాలా తృప్తిగా ఉండింది.

వారం దాటాక రాయమల్లు వర్క్‌షాపుకు కుంటుకుంటూ వచ్చాడు.

"లింగన్నా, బండి గడ్డి కోస్తలేదు. గడ్డికి దండం పెట్టుకుంట పోతాంది."

పోయి చూశాను. ఇంజను బాగానే ఉంది, చక్రాలు బాగానే నడుస్తున్నాయి. పలుచని గడ్డిలో బ్లేడ్లు తిరుగుతున్నాయి. గడ్డి కాస్త దట్టంగా తగిలేసరికి ఆగిపోతున్నాయి. కమురు వాసన వస్తోంది. లోపల పట్టు జారుతోందని అర్థమైంది. మూత తీయకుండానే బయటి మర తిప్పి స్ప్రింగు బిగించాను. రెండు రోజులు నడిచింది. మళ్ళీ జారింది. ఇంకా బిగించాను. ఈసారి ఒక పూటే నడిచింది.

దీపావళికి రెండు రోజుల ముందు ఇంజనీరు గారు మైదానానికి వచ్చారు. ఆయనది కోస్తా వైపు, కొత్తగా వచ్చారు. గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది.

"ఏమయ్యా లింగమూర్తీ, స్ప్రింగు బిగించానన్నావు. మరి ఎందుకు జారుతోంది?"

ఎందుకో నాకు తెలియదు. తెలియదనడానికి నోరు రాలేదు. పక్కన నలుగురు ఉన్నారు.

"లివరు సగం పట్టుకొని తోలినట్టున్నది సార్. గట్లయితే తోలు కాలిపోతది" అన్నాను.

ఆయన రాయమల్లు వైపు తిరిగారు. "ఆదివారం బాయిల మధ్య మ్యాచి ఉంది. శనివారం సాయంత్రానికి మైదానం కోసి ఉండాలి. లేకపోతే సోమవారం నుంచి నువ్వు మళ్ళీ లోపలి పనికే పో. మిషన్లు పాడుచేసేవాడికి పైన పనెందుకు?" అని, రిజిస్టరులో 'డ్రైవరు నిర్లక్ష్యం' అని రాసుకుని వెళ్ళిపోయారు.

రాయమల్లు నన్ను తిట్టలేదు. తన కుడి చెయ్యి ఎత్తి చూసుకున్నాడు.

"నేనెప్పుడు సగం పట్టిన లింగన్నా?" అని మాత్రం అడిగాడు.

మడత పడని కాలితో బాయి లోపల వంగి నడవడం ఎట్లా కుదురుతుందో నాకు తెలుసు. కుదరదు.

పండుగ అయిన మర్నాడు, గురువారం, కార్తీకం మొదటి రోజు. తెల్లారి స్నానం చేసి, దీపం పెట్టి, పనికి పోయాను. దసరా తరువాత మొదటిసారి మూత విప్పి, దిమ్మను బయటికి తీశాను. తోలు నల్లగా మాడి అద్దంలా మెరుస్తోంది. కాలిన వాసనలో ఆముదం వాసన కలిసి ఉంది. రివిట్ల గుంటల్లోకి చూశాను. పచ్చగా ఉంది. పసుపు. ఒక అంచున, మాడకుండా మిగిలిన చోట, నా బొటనవేలంత కుంకుమ మరక.

నేను అక్కడే నేల మీద కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమంతా చేయగలిగింది చేశాను. తోలును పెట్రోలుతో కడిగాను. ఆరాక అది అప్పడంలా పగిలింది. వర్క్‌షాపులో బెల్టులకు వాడే తోలు నుంచి వెడల్పు పట్టీ కోసి దిమ్మకు చుట్టాను. దిమ్మ ఒక కొస లావు, ఒక కొస సన్నం. పట్టీ లావు కొసన బిగిసింది, సన్నం కొసన ముడతలు పడింది. నాలుగు పట్టీలు పాడుచేశాను.

సాయంత్రం ఇంటికి పోయి నా భార్య శంకరవ్వకు జరిగింది దాచకుండా చెప్పాను. ఆమె రొట్టె కాలుస్తూ అంతా విన్నది.

"రాయమల్లుకు చెప్పినవా?"

"చెప్పలే."

"పొద్దున దేవునికి దీపం పెడితివి. ఆయనకు ఎర్కలేనిదా ఇది? ఎర్కలేనోనికి చెప్పాలె గని."

"చెప్తనే. ముందుగాల తోలు దొరకాలె గద. చెప్పి చేతులు ముడుసుకుంటే గా మనిషికి ఏమొస్తది?"

ఆమె రొట్టె తిప్పింది. "ఒక కొస లావు, ఒక కొస సన్నం అంటివి. మోట తొండం గట్లనే ఉండె గద. మన ముత్తయ్య మామ కుడుతుండె. ఆయన దగ్గరికి పో."

నేను లేచి చేతులు కడుక్కోవడానికి పోయాను. ముత్తయ్య మామ పేరు రాగానే తప్పించుకుంటున్నానని ఆమెకు తెలుసు. ఎందుకో కూడా తెలుసు.

మాది చెన్నూరు దగ్గరి పల్లె. ముత్తయ్య మామ మాదిగవాడలో పెద్ద పనివాడు. బావుల్లోంచి నీళ్ళు తోడే మోటలకు తోలు తొండాలు, మా కొలిమికి తిత్తి, ఊరందరికీ చెప్పులు ఆయన చేతివే. పద్నాలుగేళ్ళ కింద నేను బాయి పనికని ఊరు విడిచి పోతుంటే, నా ఉత్త కాళ్ళు చూసి, కొత్త చెప్పుల జత తెచ్చి నా ముందు పెట్టాడు. "వీటికి నువ్వేం ఇయ్యకు. గా బాయి కాడ మంచి ఉక్కు ఉంటదట. కమ్మరోని కొడుకువు, నాకొక రంపె చేసి తే" అన్నాడు. రంపె అంటే తోలు కోసే కత్తి. అక్కడికి చేరిన నెలలోపే చేసి తెస్తానన్నాను. ఆ నెల పోయింది, ఏడాది పోయింది. చెప్పులు అరిగిపోయాయి. తరువాత ఊరికి పోయినప్పుడల్లా ఆయన ఇంటి ముందు నుంచి కాక అవతలి సందులోంచి పోవడం అలవాటైంది. చిన్న బాకీ చిన్నదిగా ఉన్నప్పుడే తీర్చాలి. ఆలస్యమైతే అడిగే మనిషి లేకపోయినా మొహం చూపించలేం.

శుక్రవారం మొదటి బస్సుకు, దిమ్మను గోనెసంచిలో చుట్టుకుని బయల్దేరాను.

ముత్తయ్య మామ ఇంటి ముందు పందిరి కింద కూర్చుని ఒక పాత చెప్పుకు అడుగు కుడుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"హనుమండ్లు కొడుకా? నడక వాళ్ళయ్యదే. చెప్పులే నావి గావు."

"నేనే మామా. జర పనివడి వచ్చిన."

"పనివడకుంటే నువ్వెందుకు వస్తవు అల్లుడా? అవతలి సందు తొవ్వ మూసిండ్రా?" అప్పుడు తల ఎత్తాడు. కళ్ళలో నవ్వు ఉంది. "రంపె తెచ్చినవా?"

"తేలే మామా."

"తేవని నాకెర్కనే. కూసో."

సంచి విప్పి దిమ్మ చేతికిచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఆముదం. ఎవడు తాపిండు దీనికి?"

"నేనే. దసరకు."

ముసలాయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగేదాకా నవ్వాడు. ఇంట్లోకి కేకేశాడు. "ఓ భూమవ్వా, గిటు రాయే! కమ్మరోళ్ళ పిలగాడు తోలుకు తలంటు పోసిండట!"

ఆయన భార్య భూమవ్వ చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగింది. ఇవ్వాలా వద్దా అన్నట్టు నన్ను చూసింది. నేను లేచి పోయి చెంబు అందుకుని తాగాను. నవ్విన నవ్వుకు నా చెవులు ఎర్రబడ్డాయి గానీ, నాలుగు రోజుల తరువాత గొంతులోకి ఏదన్నా సుఖంగా దిగింది అప్పుడే.

"మరి మీరు దసరకు డప్పుకు బొట్టు పెట్టరా మామా?" అని అడిగాను.

"ఎందుకు పెట్టం? కట్టెకు పెడ్తం, చుట్టున్న కట్టెకు. తోలుకు పెట్టం. మోటకైతే నూనె తాపుతం, అది నీళ్ళల్ల మునిగేది. డప్పుకు తాపితే అది మోగుతదా?"

"తోలుకు పెట్టొద్దని ఎవలు చెప్పిండ్రు?"

"మా తాత పెట్టలే, మా అయ్య పెట్టలే, నేను పెట్టలే. దేవుడు వద్దన్నడనుకున్న ఇన్నొద్దులు." దిమ్మను అటూ ఇటూ తిప్పాడు. "ఇప్పుడు నువ్వడిగితే అనిపిస్తాంది. నూనె తగిలిన డప్పు మోగలేదని ఎవడో పనోడే వద్దని ఉంటడు. ఎవలైతే ఏంది, మంచిగనే చెప్పిండు."

లోపల నుంచి తంగేడు చెక్కతో పదును చేసిన బర్రెతోలు తెచ్చి పరిచాడు. నేను వర్క్‌షాపులో కోసిన పట్టీల సంగతి చెబితే చెయ్యి అడ్డం ఊపాడు. దిమ్మకు బొగ్గుపొడి రాసి, దాన్ని తోలు మీద పడుకోబెట్టి మెల్లగా దొర్లించాడు. అది నేరుగా పోలేదు. సన్నం కొస వైపుకు తిరుగుతూ తోలు మీద కొడవలి వంపులా నల్లటి దారి వేసింది.

"చూసినవా? తొండం గూడ గిట్లనే. అది యాడికి పోతె గాడనే కొయ్యాలె. మనం పొమ్మన్న దిక్కుకు గాదు."

కోయడం మొదలుపెట్టాడు. ఆయన చేతిలో రంపె అరిగి అరిగి రెండు వేళ్ళ వెడల్పు మిగిలింది. పిడికి గుడ్డ చుట్టి ఉంది. ఒక్కో గీతను మూడుసార్లు లాగితే గానీ తెగడం లేదు. మధ్యలో రెండుసార్లు రాతి మీద నూరుకున్నాడు. ఆ వంపు ముక్క కోసేసరికి ఎండ పందిరి దాటి ఆయన మోకాళ్ళ మీదికి వచ్చింది. ఆ కత్తిని నేను చూస్తున్నానని ఆయనకు తెలుసు.

ముక్కను దిమ్మకు చుట్టి చూశాడు. కొసలు రెండూ గోరు పట్టనంత దగ్గరగా కలిశాయి. ఎక్కడా ముడత లేదు.

"గరుకు దిక్కు బయటికి పెట్టు. రివిట్లు తోలులోపలికి ముంచు. మళ్ళ చెప్తున్న, నూనె సీసా దగ్గరికి గూడ పోవద్దు."

"నీకేమియ్యాలె మామా?"

"మొదటిది ఇయ్యి. రెండోది గప్పుడు మాట్లాడుకుందం" అన్నాడు, పాత చెప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ.

శనివారం తెల్లవారి వర్క్‌షాపు తెరవగానే పని మొదలుపెట్టాను. గిన్నె లోపల ఆముదం జాడ లేకుండా పెట్రోలుతో తుడిచి, సుద్ద పొడి చల్లి మళ్ళీ తుడిచాను. రాగి రివిట్లు కొట్టి, తలలు తోలులోపలికి మునిగాయా లేదా అని వేలితో తడిమి చూశాను. మూత బిగించక ముందే రాయమల్లును పిలిచాను. పాత తోలు ముక్క అతని చేతికిచ్చి రివిట్ల గుంటలు చూపించాను.

"ఇది పసుపు. దసరనాడు నేను ఆముదంల కలిపి పూసిన. నీ చేతిల తప్పు లేదు రాయమల్లూ. నేనే నీ మీదికి నెట్టిన."

అతను ఆ ముక్కను చాలాసేపు చూశాడు. కొడతాడేమో, కొట్టినా సరే అనుకున్నాను.

"నీయవ్వ, లింగన్నా" అన్నాడు చివరికి. "ఐదు దినాల సంది నా చెయ్యినే నేను అనుమానపడుతున్న. కాలు ఎటూ పోయింది, ఇగ చెయ్యి గూడ పోయిందా అని. అన్నం తినుకుంట గూడ చెయ్యినే చూసుకుంటున్న." కుడి అరచేతిని తొడకు రెండుసార్లు రుద్దుకున్నాడు. "ఇగ మూత పెట్టు. గడ్డి నా కోసం కూసుంటదా?"

మిషను మైదానంలోకి దిగింది. గోల్‌పోస్టు వెనక గడ్డి అన్నిటి కన్నా దట్టంగా ఉంటుంది. రాయమల్లు కావాలనే ముందు అక్కడికి తోలాడు. లివరు వదిలాడు. నేను దేవుణ్ణి తలచుకున్నాను. బ్లేడ్లు ఒక్క క్షణం మూలిగినట్టు అయి, గడ్డిని అందుకున్నాయి. ఆగలేదు. ఒక సాలు, రెండు సాళ్ళు, మూడు. తెగిన పచ్చి వాసన మైదానమంతా నిండింది. రాయమల్లు వెనక్కి తిరిగి, "లింగన్నా, దండం పెడ్తలేదు, దండిగ తింటాంది!" అని అరిచాడు.

అప్పుడే ఇంజనీరు గారు వచ్చారు. మిషనును చూసి తల ఊపారు. ఆయన మనసు మంచిగా ఉన్నప్పుడే ఊరుకోవచ్చు కదా అని ఒక ఆలోచన రాకపోలేదు. కానీ రిజిస్టరులో ఆ మాట ఉన్నంత కాలం రాయమల్లు పని ఖాయం కాదు.

"సార్, మీకొక మాట చెప్పాలె" అని, దసరా నుంచి ఆముదం దాకా, నేను లివరు అని అబద్ధమాడిన దాకా చెప్పాను.

ఆయన కోపంతో చూశారు. "మిషను సంగతి సరే. మనిషి సంగతి? వాణ్ణి సోమవారం లోపలికి పంపేసేవాణ్ణి కదయ్యా."

"అవును సార్."

ఆయన రిజిస్టరు తెప్పించి, పాత మాట కొట్టేసి, 'ఫిట్టరు పొరపాటు. అతనే సరిచేశాడు' అని రాసి, నన్ను కింద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. నా పేరు అంత హాయిగా ఎప్పుడూ రాయలేదు.

"పూజ మానెయ్యమని అనను. మా ఇంట్లోనూ చేస్తాం" అని పోతూ పోతూ అన్నారు. "వచ్చే దసరాకు మాత్రం మూత విప్పకు."

ఆదివారం మ్యాచిలో మా బాయి ఓడిపోయింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. సాయంత్రం దీపం దగ్గర కూర్చున్నప్పుడు పాత అనుమానం మళ్ళీ వచ్చింది. దేవుడికి అందిందో లేదో ఇప్పటికీ తెలియదు. తోలుకు మాత్రం అందింది, బాగా అందింది. దేనికి ఏది పెట్టాలో తెలుసుకోవడం కూడా పూజలో భాగమేనేమో అనిపించింది. బాపు ఉంటే ఈ మాట అడిగి చూసేవాణ్ణి. శంకరవ్వను అడిగితే, "గవన్ని తర్వాత. రంపె సంగతేంది?" అన్నది.

ఇనుము కోసే పెద్ద రంపపు పలక ఒకటి విరిగి వర్క్‌షాపు మూలన పడి ఉంది. ఫోర్‌మన్ను అడిగి తీసుకున్నాను. వారం రోజులు పని అయిపోయాక సాన మీద పట్టాను. ఆ ఉక్కు అంత తేలిగ్గా అరగదు. అరచేతి వెడల్పు, అర్ధచంద్రం అంచు. టేకు కట్టెతో పిడి చెక్కి బిగించాను.

మళ్ళీ శనివారం ఊరికి పోయాను. ఈసారి అవతలి సందులోంచి కాదు. ముత్తయ్య మామ పందిరి కిందే ఉన్నాడు. గుడ్డ విప్పి రంపె ఆయన ముందు పెట్టాను.

తీసుకుని అంచును బొటనవేలి గోటి మీద ఆనించాడు. బరువు చూశాడు. పిడి మీద చిన్న పసుపు, దాని మీద కుంకుమ ఉంది. ఉక్కు మీద ఏమీ లేదు, తుడిచిన అద్దంలా ఉంది.

"కట్టెకే పెట్టినవ్" అన్నాడు.

"కట్టెకే మామా."

పక్కనున్న బర్రెతోలు మీద అంచు పెట్టి లాగాడు. ఒక్క లాగుకే, చప్పుడు లేకుండా, తెగింది.

"ఓ భూమవ్వా" అని లోపలికి కేకేశాడు, "అల్లుడు గా చెప్పుల బాకీ తీర్చిండే!"